భితరకనిక యాత్ర: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ నుంచి కుటుంబాలను ఒడిశా తీరంలోని భితరకనిక జాతీయ పార్కుకు తీసుకువెళ్లడం నా వృత్తి. అది స్నానాల సముద్రతీరం కాదు, ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి, మొసళ్ల నెలవు. వరంగల్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భద్రక్‌లో దిగేవరకు చాలామంది మనసులో పూరీ సముద్రతీరమే మెదులుతూ ఉంటుంది. సముద్రం లేని జిల్లాల నుంచి వెళ్లే మనకు అది సహజమే కానీ, కొన్ని అపోహలను ఇంటి దగ్గరే వదిలి బయలుదేరడం మంచిది.

అపోహ: పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చాక వెళ్లవచ్చు.

వాస్తవం: మొసళ్లు గుడ్లు పెట్టే కాలం కనుక మే 1 నుంచి జులై 31 వరకు పార్కును మూసివేస్తారు. మొసళ్ల లెక్కింపు కోసం జనవరిలో కూడా కొద్దిరోజులు మూస్తారు. సంక్రాంతికి వెళ్లదలచినవారు ముందే విచారించుకోవాలి.

అపోహ: మొసళ్లు మంచినీటిలోనే ఉంటాయి, ఉప్పునీటిలో భయం లేదు.

వాస్తవం: మంథని దగ్గర శివారం మడుగుల్లో మొసళ్లను చూసినవారే ఈ మాట ఎక్కువగా అంటారు. అవి మంచినీటి జాతివి. భితరకనికలోనివి ఉప్పునీటి మొసళ్లు. ఒంట్లో అధికంగా చేరిన ఉప్పును నాలుక మీది గ్రంథుల ద్వారా బయటకు పంపగలవు కనుక ఏటి పాయల్లోనూ, సముద్రంలోనూ తిరుగుతాయి. మగది ఇరవై అడుగుల వరకు పెరగవచ్చు. 1975లో సంరక్షణ మొదలైనప్పుడు వంద లోపే ఉన్న ఇవి నేడు 1,700కు పైగా ఉన్నాయి. నీరు తీసినప్పుడు ఒడ్డు బురదలో పడి ఉన్న మొసలిని మొద్దుగా పొరబడనివారు అరుదు. అది నోరు తెరిచాక గానీ పడవలో కేక వినబడదు. కాబట్టి పడవ అంచు నుంచి చేయి నీటిలో పెట్టడం, పాయల్లో కాళ్లు కడుక్కోవడం ఎంతమాత్రం తగదు.

అపోహ: డబ్బు కడితే పడవ ఎప్పుడంటే అప్పుడు కదులుతుంది.

వాస్తవం: అక్కడ గడియారం కంటే ఆటుపోట్లదే అధికారం. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్నటి వేళ నేటికి పనికిరాదు. ఒకసారి మా బృందం ఉదయం ఫలహారాల దగ్గర గంటసేపు జాప్యం చేయగా, చిన్న పాయలో పడవ అడుగు బురదకు ఆని, మళ్లీ నీరు పెరిగేవరకు కదలలేదు. తప్పు పడవవాడిది కాదు, తొందరపెట్టని నాదే.

అపోహ: మడ అడవి అంటే కంపు కొట్టే బురద.

వాస్తవం: ఆ వాసన మురుగుది కాదు. గాలి చొరని బురదలో ఆకులు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు విడుదల చేసే వాయువుది. అందుకే సుందరి వంటి చెట్లు ఊపిరి కోసం వేళ్లను మేకుల్లా నేలపైకి నిలబెడతాయి. చెప్పులు జారితే అవి పాదానికి గుచ్చుకుంటాయి. పట్టీ ఉన్న బూట్లే వేసుకోవాలి.

అపోహ: వెళితే తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడవచ్చు.

వాస్తవం: దీని కోసమే అడిగేవారికి నేను ముందే కాదని చెబుతాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే గహిర్మథ దీవులకు పర్యాటకులను అనుమతించరు. కొన్ని సంవత్సరాల్లో అవి గుంపుగా ఒడ్డుకే రాలేదు. తీరంలో మరెక్కడైనా ఒక తాబేలు కనబడినా టార్చి వేయకూడదు. వెలుతురు పడితే అది గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.