సన్న పెన్ను ఎందుకు కక్కదు?

గాజు గ్లాసులో సగం దాకా మంచినీళ్ళు పోసి, తాతయ్య పెన్ను మొనని అందులో ముంచి పెట్టాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొన దగ్గర నీలం దారం ఒకటి బయల్దేరి, అగరుబత్తి పొగని తలకిందులు చేసినట్టు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగింది. ఆ పెన్ను చివరిసారి రాసింది 1991లోనో 92లోనో. ముప్పై ఏళ్ళకి పైగా బీరువాలో దస్తావేజుల కింద ఎండిపోయి పడున్న సిరా, చన్నీళ్ళు తగిలేసరికి నిన్న పోసినట్టు కరిగి వచ్చేసింది.

అది పార్కర్ 51. సన్నగా, బూడిద రంగులో, చేపలా రెండు వైపులా కోసుగా ఉంటుంది. పాళీ దాదాపు కనపడదు. ప్లాస్టిక్ ముసుగులోంచి పిచ్చుక ముక్కంత మొన మాత్రం బయటికి చూస్తూ ఉంటుంది. ఇంటికొచ్చి దాన్ని చూసినవాళ్ళంతా అడిగే మొదటి మాట "హీరో పెన్నా?" అని. వాళ్ళని అనడానికేం లేదు. షాంఘైలో 1931లో పుట్టిన ఫ్యాక్టరీ అది, హీరో అన్న పేరు తర్వాత వచ్చింది. వాళ్ళ 616 మోడల్‌కి పార్కర్ 51 పోలికలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. మన ఊళ్ళలో బంగారు రంగు క్యాపు ఉన్న హీరో పెన్ను జేబుకి పెట్టుకున్న మేష్టార్లని చూసి పెరిగినవాళ్ళం, అసలుది చూడకుండానే దాని నకలు మీద మోజు పడ్డాం.

నాకు ఈ సన్న పెన్నుల పిచ్చి పట్టింది తాతయ్య పెన్నుతోనే. ఇప్పుడు పదకొండున్నాయి. కొన్నవన్నీ పాతవే, అన్నీ చిటికెన వేలికన్నా సన్నమో, కాస్త అటూ ఇటో. వీటిని విప్పి, కడిగి, మళ్ళీ బిగించడంలో నాకు బోధపడిన సంగతి ఒకటుంది. పెన్ను పని సిరాని వదలడం అనుకుంటాం. వదలడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, చిల్లు ఉంటే చాలు. మొన కిందికి పెట్టి గంటలకొద్దీ పట్టుకున్నా సిరా కారకుండా ఆపడంలోనే ఉంది విద్యంతా.

కొబ్బరినూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె సరిగా రాదు. గాలి లోపలికి పోవడానికి రెండోది పొడవాలి. మంచినీళ్ళ క్యానుని డిస్పెన్సర్ మీద బోర్లించాక, నీళ్ళు పట్టినప్పుడల్లా బుడుంగుమంటుంది చూడండి, అది దిగిన నీళ్ళ చోటులోకి వెళ్ళే గాలి. పెన్నులోనూ అంతే, ఎంత సిరా కాగితం మీదికొస్తే అంత గాలి లోపలికెళ్ళాలి. కాకపోతే ఒక అక్షరానికి పట్టే సిరా కంటికి ఆనేంత కూడా ఉండదు. ఆ లెక్కన గాలిని లోపలికి రానివ్వాలి, ఎక్కువ వస్తే మచ్చ, తక్కువైతే రాత ఆగిపోవడం. అమెరికాలో లూయీ వాటర్‌మన్ 1884లో పేటెంట్ తీసుకున్నది ఈ మారకం మీదే. పాళీ కింద ఉండే నల్ల ముక్కలో సన్నటి గాడులు కోశాడు. ఆ ముక్కని ఇంగ్లీషులో ఫీడ్ అంటారు, మేం బళ్ళో నాలిక అనేవాళ్ళం. బీమా కాగితాల మీద సిరా ఒలికి బేరం పోయిందనీ, ఆ కోపంలో కొత్త పెన్ను కనిపెట్టాడనీ ఒక కథ చెప్తారు. కథ బాగుంటుంది గానీ గట్టి ఆధారం లేదు.

ఆ గాడుల్లో సిరాని పట్టి ఉంచేది కేశనాళికీయత. బళ్ళో చదివినప్పుడు పేరే నోరు తిరగలేదు గానీ, సంగతి మాత్రం దీపంలో వత్తి నూనెని పైకి లాగడమే, తడిసిన పంచె అంచు నుంచి తడి మోకాలి దాకా పాకడమే. చోటు ఎంత ఇరుకైతే ద్రవం అంత గట్టిగా లోపలికి లాక్కోబడుతుంది. మిల్లీమీటరులో పదోవంతు సందు ఉన్న రెండు గాజు పలకల మధ్య నీళ్ళు దాదాపు 15 సెంటీమీటర్లు పైకి ఎక్కగలవు. సిరాకి తలతన్యత, అంటే పైపొర బిగువు, నీళ్ళకన్నా తక్కువ కాబట్టి అంత ఎక్కదు. అయినా పెన్నులో నిలబడే సిరా ఎత్తు అరవై, డెబ్భై మిల్లీమీటర్లు మించదు, దానికి ఆ లాగుడు చాలు. పాళీ మధ్యలో చీలిక మొన వైపు వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. అందుకే సిరా తనంతట తనే మొన దగ్గరికి చేరి, అక్కడ ఆగి, కాగితం కోసం కాచుక్కూర్చుంటుంది. కాగితంలోని నార సందులు ఆ చీలికకన్నా ఇంకా ఇరుకు. తగలగానే లాగేస్తాయి. మనం పెన్నుని నొక్కి రాయక్కర్లేదనేది ఇందుకే.

ఇక అసలు శత్రువు వేడి. సగం సిరా, సగం గాలి ఉన్న పెన్నుని 25 డిగ్రీల గదిలోంచి తీసి చేత్తో పట్టుకుంటే, లోపలి గాలి 35కి చేరిందనుకుందాం. గాలి మూడు శాతం పైచిలుకు వ్యాకోచిస్తుంది. లోపల తడి ఉంది కాబట్టి నీటి ఆవిరి కూడా పెరిగి, మొత్తం దగ్గర దగ్గర ఆరు శాతం అవుతుంది. డ్రాపర్‌తో నింపే పాతకాలం లావు పెన్నులో 1.5 మిల్లీలీటర్ల గాలి ఉంటే, 0.09 మిల్లీలీటర్ల సిరా బయటికి నెట్టుకొస్తుంది. ఇంచుమించు రెండు చుక్కలు. చొక్కా జేబు నీలమవడానికి ఒకటి చాలు. సన్న పెన్నులో పట్టేదే మొత్తం మీద ఒక మిల్లీలీటరు, సగం ఖాళీ అయినా గాలి అర మిల్లీలీటరే. నెట్టుకొచ్చేది అర చుక్క పైన కాస్త. తక్కువ సిరా పట్టడం లోపమని కొందరు అంటారు. కక్కే సిరా కూడా తక్కువే కదా అని నేనంటాను.

ఆ అర చుక్కనైనా ఎక్కడో దాచాలి. పార్కర్ 51 ముసుగు కింద ఉన్నది ఆ చోటే. పాళీ గొట్టంలా చుట్టి ఉంటుంది, దాని చుట్టూ కలెక్టర్ అనే ముక్క. దానికి ఒకదాని పక్కన ఒకటి పల్చటి రెక్కలు, పాత రేడియేటర్‌కి ఉన్నట్టు. రెక్కల మధ్య సందులు, గాడులకన్నా కాస్త వెడల్పు. గాడులేమో పాళీ చీలికకన్నా వెడల్పు. ఈ మూడు కొలతల తేడాలోనే ఉంది కిటుకు. మామూలప్పుడు సిరా ఎక్కువ ఇరుకున్న చోట్లకే పోతుంది, రెక్కలు ఖాళీగా ఉంటాయి. లోపల గాలి ఉబ్బి సిరాని తోసినప్పుడు, గాడుల్లో పట్టని సిరా ఈ వెడల్పు సందుల్లోకి ఎక్కి నిలుస్తుంది. పెన్ను చల్లబడినా, రాత మొదలెట్టినా, అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేవి అవే, వాటి పట్టు తక్కువ కాబట్టి. ఎక్కడా స్ప్రింగు లేదు, మూత లేదు, కదిలే భాగం లేదు. సందుల వెడల్పు తప్ప ఏమీ లేని యంత్రం అది. విప్పి చూసిన రోజు కాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాను, టిఫిన్ చల్లారిపోయింది.

ముసుగు అందం కోసం పెట్టింది కాదు. పార్కర్ కంపెనీ అప్పట్లో కాగితం మీద పడగానే ఆరిపోయే సిరా ఒకటి తయారు చేసింది. తీరా అది పాళీ మీద కూడా ఆరిపోయేది. అందుకే పాళీకి గాలి తగలకుండా కప్పేశారు. ఆ సిరాకి క్షారగుణం ఎక్కువ, అప్పటి పెన్నులు చేసే సెల్యులాయిడ్‌ని తినేసేది. కాబట్టి ఒళ్ళంతా లూసైట్ అనే అక్రిలిక్‌తో చేశారు. యుద్ధవిమానాల అద్దాల గూళ్ళకి వాడింది ఈ జాతి ప్లాస్టిక్‌నే. కంపెనీ 51వ ఏడు 1939లో డిజైన్ సిద్ధమైంది కాబట్టి పేరు 51, అమ్మకానికి వచ్చింది 1941లో. ఆ సిరా ఎప్పుడో పోయింది. దానికోసం కట్టిన పెన్ను మిగిలింది.

తాతయ్యది 1948 తర్వాతి రకం. బారెల్ విప్పితే లోపల లోహపు గొట్టం, దానికొక నొక్కు బద్ద. అంతకుముందు పెన్నుల్లో సిరా సంచి రబ్బరుది, గంధకం కలిపి ఉడికించిన రబ్బరు పది పదిహేనేళ్ళలో గట్టిపడి అప్పడంలా పెళపెళా విరుగుతుంది. ఇందులో పెట్టింది పీవీసీ సంచి. డెబ్భై ఏళ్ళు దాటినా ఇంకా మెత్తగానే ఉంది. ఒక్కసారి నొక్కితే నిండదు, నాలుగైదుసార్లు నొక్కాలి. సంచి మధ్యలో వెంట్రుకలాంటి గొట్టం పై దాకా ఉంటుంది. నొక్కినప్పుడు పైనున్న గాలి ఆ గొట్టంలోంచి బయటికి పోతుంది, వదిలినప్పుడు సిరా అదే దారిన పైకెక్కి పక్కన అడుక్కి పడుతుంది. పడ్డ సిరా మళ్ళీ బయటికి పోదు, ఎందుకంటే గొట్టం నోరు దానికి పైన ఉంది. మెట్టు మెట్టుగా నిండుతుంది.

ఇదే తర్కాన్ని చివరి దాకా లాగితే ఏమవుతుందో 1956లో పార్కర్ 61తో చూపించారు. నొక్కేది లేదు, లాగేది లేదు. పెన్నుని వెనక్కి తిప్పి, బారెల్ తీసి, తోకని సిరా సీసాలో ముంచి పెడితే చాలు, లోపల చుట్టచుట్టిన పల్చటి ప్లాస్టిక్ పొర వత్తిలా సిరాని పీల్చేసుకుంటుంది. బయట టెఫ్లాన్ పూత, తుడవకుండానే సిరా జారిపోయేది. అంత అందమైన ఊహ నేను ఇంకే పెన్నులోనూ చూడలేదు. కానీ నాలుగు నెలలు వాడకుండా పక్కన పెట్టారా, ఆ పొరల మధ్య సిరా ఎండి, కడగడానికి రోజులు పడుతుంది. పీల్చడం ఎంత తేలికో కక్కించడం అంత కష్టం.

అప్పటికే బాల్‌పెన్ను వచ్చేసింది. 1945లో న్యూయార్కులో అమ్మకానికి పెట్టారు, 1950లో బిక్ వాళ్ళ చవక పెన్ను వచ్చాక ఇంకు పెన్నుల పని అయిపోయిందన్నారు. కంపెనీలు బాల్‌పెన్నుతో జతగా సెట్టు అమ్మడానికి ఇంకు పెన్నుని కూడా దానంత సన్నం చేశాయి. 1970లో ఇటలీ అరోరా కంపెనీకి మార్కో జనూసో గీసిన హాస్టిల్ న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలోకి ఎక్కింది. మరుసటేడు జపాన్ పైలట్ కంపెనీ పాళీ, పట్టు రెండూ ఒకే స్టీలు ముక్కగా ఉన్న పొట్టి పెన్ను చేసింది. చూడ్డానికి బాగుంటాయి. పది పేజీలు రాస్తే మాత్రం వేళ్ళు పట్టేస్తాయి, పట్టు మరీ సన్నమైతే చెయ్యి బిగదీస్తాం. నా మటుకు నాకు 51 కొలతే సరి.

మన రాజమండ్రి రత్నం పెన్నులది పూర్తిగా వేరే దారి. 1930ల్లో స్వదేశీ ఉద్యమం వేడిలో, గాంధీగారి మాట మీద మొదలైనవి, ఎబొనైట్‌వి. ఎబొనైట్ అంటే గంధకం బాగా దట్టించి గట్టిపరచిన రబ్బరే. అది వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, సిరా దాన్ని బాగా అంటుకుంటుంది. డ్రాపర్‌తో నింపే పెన్నుకి లోపల సంచి ఉండదు, సిరా నేరుగా బారెల్‌లోనే ఉంటుంది కాబట్టి గోడ మందమే దానికి రక్ష. గోదావరి జిల్లా మే నెలలో ఆ మందం ఊరికే లేదు. ఎండ తగిలితే మాత్రం నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరుగుతుంది, ఉపరితలం మీద గంధకం ఆక్సీకరణం చెందడం వల్ల.

పాతవి కొనేవాళ్ళకి నేను చెప్పేవి రెండు మూడే. కడగడానికి చన్నీళ్ళు, ఓపిక చాలు, వేడి నీళ్ళు వద్దు. శానిటైజర్ అసలొద్దు. మరక పోవట్లేదని ఒక పెన్ను ముసుగుని దాంతో తుడిచి, సాయంత్రానికి సాలెగూడులాంటి పగుళ్ళు చూసుకుని ఏడ్చినవాణ్ణి నేను, ఆల్కహాల్ అక్రిలిక్‌ని అలా చీలుస్తుంది. ఇక బ్లూబ్లాక్‌లో పాతకాలం ఇనుప సిరా రకం వద్దు. మన కరక్కాయ, అన్నభేది కలిపి చేసే సిరా బంధువే అది. గాలి తగిలి నల్లబడే కొద్దీ నీళ్ళలో కరగని మడ్డి అవుతుంది, కాగితం మీద అదే దాని గొప్ప, కలెక్టర్ రెక్కల మధ్య అదే ముప్పు. తాతయ్య పోసింది మామూలు రాయల్ బ్లూ కాబట్టి ముప్పై ఏళ్ళకి కూడా కరిగింది.

రెండో రోజు నీళ్ళు తేటబడ్డాయి. ఆరబెట్టి, సిరా నింపి, 'కమల' అని రాశాను. మొదట తలకట్లు పడలేదు. తెలుగు రాతలో ఈ చిక్కు ఎక్కువ. ఇంగ్లీషు కలిపి రాతలో పదం మొత్తానికి ఒకసారి పెన్ను ఎత్తితే సరి, మనకి అక్షరానికి ఒకటి రెండుసార్లు ఎత్తాలి, ఎత్తినప్పుడల్లా సిరా కొత్తగా మొదలవ్వాలి. మొదలవడంలో రవ్వంత ఆలస్యమైనా ముందు ఎగిరిపోయేది తలకట్టే. లెన్సు పెట్టి చూస్తే కారణం తెలిసింది. మొన మీద అతికించే గింజ ప్లాటినం జాతి లోహాల మిశ్రమం, చాలా గట్టిది. ఇరీడియం పాయింట్ అని పాళీల మీద రాస్తారు గానీ ఇప్పటి చాలా పాళీల్లో ఇరీడియం ఉండదు, పేరే మిగిలింది. అంత గట్టి గింజ కూడా నలభై ఏళ్ళ రాతకి ఒక పక్క చదునుగా అరిగింది. నా పెన్ను ఎవరికీ ఇవ్వను, పాళీ పాడవుతుంది అని తాతయ్య అనేవాడు. ఒక సంతకానికి ఇస్తే ఏమీ కాదు, దాన్ని అరగదీసింది ఆయన చెయ్యే. చదును ఉన్న వైపు కాగితానికి ఆనితేనే చీలిక కాగితాన్ని తాకుతోంది.

పెన్నుని వేళ్ళ మధ్య కొద్దిగా ఎడమకి తిప్పాను. తలకట్టు పడింది.