ఛాతీ మీద చేతులు లేకుండా వచ్చే స్ట్రెచర్: సీపీఆర్ గురించి అపోహలు - వాస్తవాలు

ఎమర్జెన్సీ తలుపులు తోసుకుని స్ట్రెచర్ లోపలికి వస్తుంది. ఆక్సిజన్ మాస్క్ ఉంటుంది, సెలైన్ ఎక్కుతుంటుంది, చేతికి బీపీ పట్టీ కూడా చుట్టి ఉంటుంది. ఛాతీ మీద మాత్రం ఎవరి చేతులూ ఉండవు. మెడ పక్కన వేళ్లు పెట్టి చూస్తే నాడి అందదు. "ఎప్పటి నుంచి ఇలా ఉన్నారు?" అని అడిగితే అంబులెన్స్‌లో తెచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఎమర్జెన్సీ డాక్టరుగా అప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఒకటి రెండు సార్లు అందరి ముందూ అరిచాను కూడా. తర్వాత కూర్చుని మాట్లాడితే, బద్ధకించి వదిలేసినవాళ్లు దాదాపు కనబడరు. వినిపించే జవాబులు రెండే. "ఇంకా ఊపిరి ఉందనుకున్నాం" అంటారు, లేదా "అప్పటికే పోయారనుకున్నాం" అంటారు. రెండూ ఎదురెదురు మాటలే అయినా, రెండింటిలోనూ ఛాతీని ఎవరూ నొక్కలేదు. అంటే సీపీఆర్, ఆగిన గుండె తరఫున ఛాతీ నొక్కుతూ, అవసరమైతే శ్వాస కూడా ఇస్తూ రక్తాన్ని ఆడించడం, జరగలేదు.

అపోహ: నోరు తెరిచి గాలి పీలుస్తున్నారు, కాబట్టి గుండె ఆడుతోంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. గుండె ఆగిన మొదటి కొన్ని నిమిషాల్లో చాలామందికి ఎగశ్వాస వస్తుంది. ఉండుండి ఒకసారి నోరు తెరుచుకుంటుంది, దవడ కదులుతుంది, గురక లాంటి శబ్దం వస్తుంది, మళ్లీ నిశ్శబ్దం. ఒడ్డున పడ్డ చేప నోరు కదిపినట్టు ఉంటుంది. మెదడు అడుగు భాగం చివరి ఆక్సిజన్‌తో చేసే ప్రయత్నం అది. దాన్ని శ్వాస కింద లెక్క వేయకూడదు. కొందరికి కాళ్లూ చేతులూ కూడా కొట్టుకుంటాయి. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తగ్గేదాకా ఎదురు చూస్తారు.

"ఊపిరి ఉందా?" అని చూసుకుంటే ఇక్కడ మోసపోతాం. "ఊపిరి మామూలుగా ఉందా?" అని చూడాలి. పిలిచినా కదిపినా స్పందన లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే చాలు, నొక్కడం మొదలుపెట్టాలి. ఎగశ్వాస ఉన్నవాళ్లు అది లేనివాళ్లకంటే బతికి బయటపడే అవకాశం ఎక్కువ. సరిగ్గా వాళ్లనే మనం "బాగానే ఉన్నారు" అనుకుని వదిలేస్తున్నాం.

అపోహ: నాడి లేదని కచ్చితంగా తేలాకే మొదలుపెట్టాలి.

శిక్షణ ఉన్నవాళ్లకు నాడి చూడటానికి ఇచ్చే గడువు 10 సెకన్లు. అప్పటికి స్పష్టంగా తెలియకపోతే లేనట్టే లెక్క. మామూలు జనం అసలు నాడి చూడనక్కర్లేదు. కంగారులో మన వేలి కొసన కొట్టుకునే నాడినే రోగిదనుకోవడం మా డాక్టర్లకూ జరుగుతుంది.

ఒకసారి నాడి దొరికిందంటే పని అయిపోయినట్టు కాదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో యూరో ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలినప్పుడు, వైద్యుడు వెళ్లేసరికి ఊపిరీ నాడీ ఉన్నాయి. అంతలోనే పరిస్థితి మారింది. ఆ మార్పును వెంటనే పట్టుకుని మైదానంలోనే సీపీఆర్ మొదలుపెట్టారు. ఒక్క కరెంటు షాక్‌తో గుండె మళ్లీ కొట్టుకుంది. మరుసటి ఏడాది అతను తిరిగి ఆటలోకి వచ్చాడు.

అపోహ: పక్కటెముకలు విరుగుతాయి, కాబట్టి నొక్కకూడదు.

విరుగుతాయి, నిజమే. అవి అతుక్కుంటాయి. గుండె ఆగలేదేమో అన్న అనుమానంతో ఆగిపోవడం కంటే, అనుమానంతోనే నొక్కడం మేలు. ఆగని గుండె మీద కాసేపు నొక్కినందువల్ల పెద్ద హాని జరగడం అరుదు.

అపోహ: వేగంగా ఆసుపత్రికి చేర్చడమే అసలు వైద్యం.

ప్రమాదంలో రక్తం కారిపోతుంటే ఆ మాట నిజం. గుండె ఆగినప్పుడు మాత్రం కాదు. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. ఆరేడు నిమిషాల ప్రయాణం ముగిసేసరికి ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా ఇక్కడ మొదట చేసేది కూడా అదే: ఛాతీ నొక్కుతాం, అవసరమైతే షాక్ ఇస్తాం. చేతులతో ఛాతీ నొక్కే పద్ధతిని జాన్స్ హాప్కిన్స్ వైద్య బృందం 1960లో ప్రచురించింది. అప్పుడే "రెండు చేతులుంటే చాలు, ఎక్కడైనా ఎవరైనా చేయవచ్చు" అన్నది దాని ముఖ్యమైన సంగతి.

నొక్కడం ఆపితే ఏమవుతుందో తెలిస్తే ఆపబుద్ధి కాదు. గుండె కండరానికి రక్తం అందాలంటే కొంత ఒత్తిడి పేరుకోవాలి. అది ఒక్కో నొక్కుతో మెల్లగా పెరుగుతుంది. ఆపగానే జారిపోతుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి కొన్ని నొక్కులూ పోయినదాన్ని పూడ్చడానికే సరిపోతాయి. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు, ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేసేటప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు ఇలా "ఒక్క క్షణం" ఆపుతూ పోతే ఆ ఒత్తిడి ఎప్పటికీ నిలవదు. అందుకే ఏ విరామమైనా 10 సెకన్లు దాటకూడదు.

పెద్దవాళ్లకు రొమ్ము ఎముక కింది సగం మీద, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలిసినవాళ్లు ఛాతీ మీదే ఒరిగి ఉండిపోతారు, అప్పుడు గుండెలోకి రక్తం తిరిగి నిండదు.

అపోహ: ఒళ్లు చల్లబడింది, కనుపాపలు విప్పారాయి, ఇక లాభం లేదు.

ఈ రెండూ మరణానికి రుజువులు కావు. శరీరం బిగుసుకుపోవడం, కింది వైపు రక్తం పేరుకుని ఊదారంగు మచ్చలు పడటం, బతికే వీలే లేని గాయం వంటివి ఉంటే వేరే మాట. అవి లేనప్పుడు స్ట్రెచర్ పక్కన నిలబడి కంటిచూపుతో తీర్పు చెప్పకండి. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోల్మ్ అనే యువ వైద్యురాలు స్కీయింగ్ చేస్తూ పడిపోయి, మంచు పలక కింద నీళ్లలో 80 నిమిషాలు ఇరుక్కుపోయింది. శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది, గుండె ఆగింది. బయటికి తీయగానే సీపీఆర్ మొదలైంది, ఆసుపత్రి దాకా కొనసాగింది. ఆమె కోలుకుని మళ్లీ వైద్యవృత్తిలోకే వెళ్లింది. గడ్డకట్టే చలి మెదడును కాపాడిన అరుదైన కేసు అది, అందరికీ అలా జరగదు. కానీ చల్లగా ఉందని అక్కడే చేతులు ముడుచుకుని ఉంటే ఆ అరుదైన కేసు కూడా ఉండేది కాదు.

అపోహ: మానిటర్‌లో గీత సాఫీగా ఉంటే షాక్ ఇవ్వాలి.

సినిమాల పుణ్యం. గుండె కొట్టుకోకుండా వణుకుతున్నప్పుడే షాక్ పనిచేస్తుంది. సాఫీ గీతకు నొక్కడమూ మందులే. ఏఈడీ అనే షాక్ యంత్రం ఉంటే స్విచ్ వేసి ప్యాడ్లు అంటించండి, షాక్ ఇవ్వాలో వద్దో అదే చెబుతుంది. ఇంకో మాట: నీట మునిగినవాళ్లకూ చిన్నపిల్లలకూ నొక్కడంతో పాటు శ్వాస ఇవ్వడం కూడా కావాలి. వాళ్లలో ఎక్కువగా ముందు ఆగేది ఊపిరి, తర్వాతే గుండె.

ఈ మధ్య అరవడం మానేశాను. "ఎందుకు చేయలేదు?" అనే బదులు "మీకు ఏం కనిపించింది?" అని అడుగుతున్నాను. జవాబులు ఎక్కువగా ఎగశ్వాస దగ్గరికే వచ్చి ఆగుతాయి. నేర్చుకున్న సీపీఆర్ కొన్ని నెలల్లోనే చేతుల్లోంచి జారిపోతుంది. అందుకే రద్దీ లేని రాత్రుల్లో బొమ్మను నేల మీద పడుకోబెట్టి అంబులెన్స్ సిబ్బందితో పాటు మేమూ తలా రెండు నిమిషాలు నొక్కుతాం. రెండో నిమిషంలో లోతు తగ్గుతోందని బొమ్మలోని మీటరు చూపిస్తుంది, నొక్కేవాళ్లకు మాత్రం తెలియదు. మొన్న నా వంతులోనూ అంతే. పక్కనున్న అంబులెన్స్ అబ్బాయి "మేడమ్, మారండి" అని తప్పించాడు.