యంత్రానికి చూపు నేర్పిన పిల్లి మెదడు

1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త సీమోర్ పాపర్ట్ వేసవిలో పూర్తిచేయాల్సిన ప్రాజెక్టు ఒకటి రాసిపెట్టారు. కెమెరాకు కనిపించే దృశ్యంలో వస్తువేదో, దాని వెనకున్నదేదో విడదీసి, చివరికి ఆ వస్తువు పేరు చెప్పే ప్రోగ్రామ్ తయారుచేయాలి. ఆ వేసవిలో కాదు కదా, నలభై ఏళ్లు దాటినా అది సరిగ్గా తేలలేదు. మనం కళ్లు తెరవగానే జరిగిపోయే పని కాబట్టి చూడటం తేలికనుకుంటాం.

దారి మాత్రం అంతకుముందే దొరికింది. 1958లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మెదడు పరిశోధకులు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ మత్తులో ఉన్న పిల్లి మెదడులోకి సన్నని ఎలక్ట్రోడ్ దించి, ఒక్కో కణం స్పందనను స్పీకర్‌లో వినేవారు. గాజు స్లైడు మీద నల్ల చుక్క చూపిస్తే కణం పలకలేదు. ఎన్ని గంటలు చూసినా అంతే. స్లైడు మారుస్తుండగా స్పీకర్ ఒక్కసారిగా టపటపా మోగింది. ఆ కణం పలికింది చుక్కకు కాదు, స్లైడు అంచు వేసిన సన్నని నీడగీతకు! ఆ గీత వాలు మారిస్తే కణం మళ్లీ ఊరుకుంది.

1962 నాటికి వాళ్లకు రెండు రకాల కణాలు తేలాయి. సరళ కణం ఒక చోట, ఒక వాలులో ఉన్న గీతకే పలుకుతుంది. సంక్లిష్ట కణం ఆ గీత కాస్త పక్కకు జరిగినా గుర్తుపడుతుంది. ఈ పనికే 1981లో నోబెల్ వచ్చింది.

ఆ రెండు రకాల కణాలను అనుకరిస్తూ కంప్యూటర్‌లో పొరలు పొరలుగా నెట్‌వర్క్ పేర్చింది జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో పనిచేసిన కునిహికో ఫుకుషిమా. 1980లో వచ్చిన ఆయన ‘నియోకాగ్నిట్రాన్’కు దక్కాల్సినంత పేరు దక్కలేదు. 1989లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో యాన్ లెకున్ బృందం ఇలాంటి పొరలకే తప్పుల నుంచి నేర్చుకునే పద్ధతి జోడించి, ఉత్తరాల మీద చేత్తో రాసిన పిన్‌కోడ్ లాంటి అంకెలు చదివించింది.

2012లో టొరంటో విశ్వవిద్యాలయ బృందం తయారుచేసిన అలెక్స్‌నెట్ అనే ఇలాంటి నెట్‌వర్క్ సుమారు 12 లక్షల ఫొటోలతో నేర్చుకుని, ఫొటోల్లోని వస్తువులను గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో తప్పులను 15.3 శాతానికి తెచ్చింది. రెండో స్థానంలో ఉన్నవాళ్లవి 26.2 శాతం. నాకు అంకెలకంటే పెద్ద ఆశ్చర్యం మరొకటి: గీతలు వెతకమని ఎవరూ చెప్పకుండానే, దాని మొదటి పొర రకరకాల వాలుల్లో గీతలు పట్టడం నేర్చుకుంది.

అయినా మెదడు పని అక్కడితో అయిపోదు. ఈ నెట్‌వర్క్‌లలో సమాచారం ముందుకే పోతుంది, మెదడులో పై పొరల నుంచి వెనక్కీ వస్తుంది. 2019లో ఎంఐటీ పరిశోధకులు కోతుల మీద చూశారు. ఇలాంటి నెట్‌వర్క్‌లు తడబడే బొమ్మలను కోతి మెదడు పోల్చుకుంటుంది, కాకపోతే మామూలు బొమ్మలకంటే సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా. ఆ కాస్త సమయంలో వెనక్కి వచ్చే సంకేతాలు ఏం చేస్తున్నాయన్నదే ఇప్పుడు ఈ రంగం తేల్చాల్సిన ప్రశ్న.