బస్సెక్కాకే మనసొస్తుంది

రేపు కాలేజీకి తప్పక వెళ్ళాలని రాత్రి పదకొండింటికి అలారం పెట్టుకునే మనిషి వేరు, పొద్దున ఆరున్నరకి దాని నోరు నొక్కి మళ్ళీ ముసుగు తన్నే మనిషి వేరు. చేతికందే చిన్న సుఖానికి మెదడు ఎక్కువ ధర కడుతుంది, దూరాన ఉన్న పెద్ద లాభానికి బాగా తక్కువ కడుతుంది. రాత్రి చూస్తే ఆ పొద్దుటి నిద్రా దూరమే, డిగ్రీ కూడా దూరమే. అందుకే డిగ్రీ గెలుస్తుంది. తెల్లారేసరికి నిద్ర ఒళ్ళోకి వచ్చేస్తుంది, సెమిస్టర్ ఫలితం మాత్రం నాలుగు నెలల అవతలే ఉంటుంది. అమెరికన్ సైకియాట్రిస్టు జార్జ్ ఐన్‌స్లీ 1975లోనే ఈ తిరకాసు గురించి రాశాడు. సుఖం దగ్గరపడే కొద్దీ దాని విలువ నెమ్మదిగా పెరగదట, చివరి మెట్టు మీద ఒక్కసారిగా ఎగబాకుతుందట.

అంచేత ఆరున్నరకి కాలేజీ మీద మనసు రాకపోవడంలో వింతేమీ లేదు. అది వచ్చాక లేద్దామనుకోవడమే పొరపాటు. వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న పొద్దున పుట్టకుండా చూసుకోవాలి.

దీనికి బాగా పరీక్షకు నిలిచిన ఉపాయం ఒకటుంది. ‘రేపట్నుంచి రోజూ వెళ్తాను’ అనుకోవడం మానేసి, ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని ముందే ముడి వేసుకోవడం. మనస్తత్వ పరిశోధకులు పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, ఉత్త సంకల్పం కంటే ఈ ముడి చెప్పుకోదగ్గంత బాగా పనిచేసినట్టు తేలింది. మన విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు వెళ్ళే కుర్రాడైతే ఇలా రాసుకోవచ్చు: ‘అలారం మోగితే, బీరువా మీదున్న ఫోన్ ఆపి, మంచం వైపు తిరక్కుండా బ్రష్ అందుకుంటాను.’ ఫోన్ తలగడ పక్కనుంటే ఈ వాక్యానికి అర్థం లేదు. బీరువా మీదే ఉండాలి.

రెండో వాక్యం ఇంకా ముఖ్యం, దాన్నే ఎవరూ రాసుకోరు: ‘7:40 బస్సు తప్పితే, రెండో పీరియడ్‌కి వెళ్తాను.’ ఇది లేనివాడు ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ‘ఫస్ట్ అవర్ ఎలాగూ పోయింది’ అనుకుంటాడు, పదింటికల్లా ఆర్కే బీచ్‌లో తేలతాడు. పోయింది ఒక్క పీరియడ్, డుమ్మా కొట్టింది మొత్తం ఆరు పీరియడ్లకి. ఐడీ కార్డు, బస్సు పాసు, ల్యాబ్ రికార్డు రాత్రే బ్యాగులో పడాలి, చొక్కా ఇస్త్రీ చేసి తగిలించి ఉండాలి. పొద్దున వెతుక్కునే ప్రతి వస్తువూ ‘ఈ రోజుకి మానేద్దామా’ అన్న ప్రశ్నని మళ్ళీ లేపుతుంది.

ఇక నిద్ర. పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకోవడం పూర్తిగా ఫోన్ల పుణ్యం కాదు. యుక్తవయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర వేళల మీద పరిశోధించే టిల్ రోనెబర్గ్ బృందం 2004లో చూపించినదాని ప్రకారం ఆ జాప్యం ఆడపిల్లల్లో పంతొమ్మిదిన్నర ఏళ్ళకీ, మగపిల్లల్లో దాదాపు 21కీ పతాక స్థాయికి చేరి, తర్వాత తగ్గుతుంది. సరిగ్గా బీటెక్ వయసు! ఆ గడియారాన్ని ముందుకు లాగేది పొద్దుటి వెలుతురు. ఈ విషయంలో విశాఖ వాళ్ళు అదృష్టవంతులు. హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాల ముందే ఇక్కడ పొద్దు పొడుస్తుంది, జూన్‌లో ఐదున్నర లోపే. లేచిన వెంటనే డాబా మీద 20 నిముషాలు తిరగండి. మబ్బు పట్టినా ఫరవాలేదు, గదిలో ట్యూబ్‌లైటు కంటే బయటి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. లేచే వేళని రెండ్రోజులకి పావుగంట చొప్పున ముందుకి జరపాలి. ఎనిమిదింటికి లేచే అలవాటున్నవాళ్ళు ఒక్కరోజులో ఆరుకి దించితే మూడో రోజుకే బోల్తా పడతారు. ఆదివారం పదకొండింటి దాకా పడుకుంటే వారమంతా జరిపింది వెనక్కి పోతుంది, గంటకి మించి తేడా రానివ్వకూడదు.

మన ఊరి ఉక్కపోత మాత్రం నిద్రకి శత్రువే. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, వేడి పోదు. పడమటి ఎండ తిన్న గోడ రాత్రంతా సెగ కక్కుతుంది. మంచం దానికి దూరంగా జరిపి ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా వేసుకోవాలి. సాయంత్రం ఏడింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీలో కెఫీన్ సగం అర్ధరాత్రికి కూడా రక్తంలోనే ఉంటుంది.

క్లాసు బోరు కొట్టడానికి అన్నిసార్లూ లెక్చరర్ కారణం కాదు. లెక్కల క్లాసులో ఫోరియర్ సిరీస్ చెప్పిన రోజు మానేసినవాడికి, దాని మీద ఆధారపడే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ క్లాసు గంటసేపు చప్పుడే. అర్థం కానిదాని మీద ధ్యాస నిలవదు, నిలవనిచోట కూర్చోబుద్ధి కాదు, మర్నాడు మళ్ళీ డుమ్మా. గొలుసు తెగేది ఒక్క చోటే: మానేసిన క్లాసుకీ తర్వాతి క్లాసుకీ మధ్య. ఆ సాయంత్రమే స్నేహితుడి నోట్సు ఫోటో తెప్పించుకుని 20 నిముషాలు కేటాయించండి. మొత్తం ఎక్కించుకోవడం మాట దేవుడెరుగు. హెడ్డింగులు, చేసిన ఒక లెక్క, అర్థం కాని ఒక ప్రశ్న, ఇంతే.

2010లో మార్కస్ క్రెడే తదితరులు అమెరికా విద్యార్థుల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, కాలేజీ మార్కుల్ని అంచనా వేయడానికి ప్రవేశ పరీక్ష స్కోరు కంటే హాజరే మెరుగని చెప్పారు. బుద్ధిగా చదివేవాళ్ళే క్లాసుకీ వెళ్తారు కాబట్టి ఘనతంతా హాజరుకే కట్టబెట్టలేం. అయితే హాజరు తప్పనిసరి చేసినచోట సగటు మార్కులు కొద్దిగా పెరగడమూ వాళ్ళు గమనించారు.

రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేక, తిండీ నిద్రా గతి తప్పితే మాత్రం అది బద్ధకం కాదు, పై చిట్కాలు దానికి మందూ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఇప్పటికే హాజరు తగ్గినవాళ్ళకి ఒక లెక్క. జరిగిన పీరియడ్లని 3తో, హాజరైనవాటిని 4తో హెచ్చవేసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. పరీక్ష రాయనివ్వడానికి చాలా కాలేజీలు అడిగే 75 శాతం హాజరు చేరడానికి ఒక్కటీ మానకుండా ఎన్ని పీరియడ్లు కూర్చోవాలో వస్తుంది. 200 జరిగితే 130కి వెళ్ళారనుకోండి: 600లోంచి 520 పోతే 80. రోజుకి ఆరు చొప్పున 14 రోజులు. 240కి 144 అయితే ఏకంగా 24 రోజులు. వచ్చిన సంఖ్య సెమిస్టర్‌లో మిగిలిన పీరియడ్ల కంటే ఎక్కువైతే 75 అందదు. జేఎన్‌టీయూ తరహా నిబంధనల్లో 65 దాటినవాళ్ళకి వైద్య కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, అడిగే వీలుంటుంది. అంతకంటే తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. ఈ లెక్క మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) అయిన సాయంత్రమే వేసుకోవాలి, రెండో మిడ్ నాటికి కూర్చోవడానికి పీరియడ్లే మిగలవు.