దిగుమతుల దర్యాప్తుకు మన లెక్కలు ఇస్తే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

తాడిపత్రిలో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయన మొన్న మా ఆఫీసుకొచ్చారు. "సార్, టైల్స్ వచ్చినాక మా బండలు అడిగేవాళ్లే తగ్గిపోయినారు. చైనా టైల్స్ మీద కేసు ఎయ్యాలంటే ఏమేం కాయితాలు కావాల?" అని అడిగారు. నేను కర్నూలులో కాస్ట్ అకౌంటెంట్‌ని. విదేశీ సరుకు వాళ్ల సొంత దేశపు ధర కన్నా తక్కువకు మన మీద వచ్చిపడుతోందా అని తేల్చే యాంటీ డంపింగ్ దర్యాప్తు జరిగినప్పుడు ఢిల్లీలోని డీజీటీఆర్‌కు కంపెనీలు పంపే పట్టికలు తయారుచేయడం నా పనిలో ఒక భాగం. ఆయనకు సమాధానం చెప్పేసరికి సాయంత్రమైంది. ఆయనతో మాట్లాడినవి, ఇన్నేళ్లుగా ఫ్యాక్టరీల్లో విన్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

డీజీటీఆర్ అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్. కేంద్ర వాణిజ్య శాఖ కింద 2018లో ఏర్పడింది, అంతకుముందు డీజీఏడీ అనేవాళ్లు. అది దర్యాప్తు చేసి సిఫారసు మాత్రమే చేస్తుంది. సుంకం వేసేది ఆర్థిక శాఖ. ఈ మొత్తానికి ఆధారం 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం, దాని కింద 1995లో వచ్చిన నియమాలు.

అపోహ: మన వ్యాపారం దెబ్బతింటే ఏ దిగుమతి మీదైనా మనమే ఫిర్యాదు చేయొచ్చు.

కుదరదు. దిగుమతి అవుతున్న సరుకు, మనం తయారుచేసే సరుకు ఒకే రకంవి కావాలి, లేదా లక్షణాల్లో చాలా దగ్గరగా ఉండాలి. నాపరాయి భూమిలోంచి తీసి, కోసి, పాలిష్ పట్టింది. విట్రిఫైడ్ టైల్ మట్టిని అచ్చులో నొక్కి కొలిమిలో కాల్చింది. 2017లో చైనా విట్రిఫైడ్ టైల్స్ మీద ఐదేళ్ల సుంకం వేసినప్పుడు దేశీయ పరిశ్రమగా లెక్కలోకి వచ్చింది టైల్స్ తయారీదారులే. ఇద్దరి సరుకూ ఒకే ఇంటి నేల మీదకే పోతుంది కదా అని ఆయన వాదించారు. ఆయన బాధ నిజమే, కానీ ఈ చట్టంలో దానికి చోటు లేదు. ఆ మాట చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది.

సరుకు అదే అయినా, ఫిర్యాదుకు మద్దతిచ్చే కంపెనీల ఉత్పత్తి దేశం మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. అభిప్రాయం చెప్పిన తయారీదారుల్లో వ్యతిరేకించే వాళ్లకన్నా సమర్థించే వాళ్ల ఉత్పత్తి ఎక్కువ ఉండాలి. ఇక చౌకగా వచ్చిందల్లా డంపింగ్ కాదు. వాళ్ల దేశంలో అమ్ముకునే ధర కన్నా తక్కువకు మనకు పంపితేనే అది డంపింగ్.

అపోహ: నష్టాలొచ్చినట్టు బ్యాలెన్స్ షీట్ చూపిస్తే చాలు.

ఇంగ్లిషులో లాస్ వేరు, ఇంజురీ వేరు; తెలుగులో మనం రెండింటికీ నష్టం అనే ఒకటే మాట వాడడం వల్ల వచ్చిన చిక్కు ఇది. లెక్కల్లో వచ్చేది నష్టం. చట్టం అడిగేది వేరు, దాన్ని హాని అందాం. అమ్మకాలు, లాభాలు, ఉత్పత్తి, మార్కెట్ వాటా, ఉత్పాదకత, పెట్టుబడి మీద రాబడి, సామర్థ్య వినియోగం, నగదు ప్రవాహం, నిల్వలు, ఉద్యోగాలు, జీతాలు, కొత్త పెట్టుబడి తెచ్చుకోగల శక్తి, ఇవన్నీ చూస్తారు. లాభంలో ఉన్న కంపెనీకి కూడా హాని జరిగి ఉండొచ్చు. నష్టంలో ఉన్న కంపెనీకి దిగుమతుల వల్ల ఏ హానీ జరగకపోయీ ఉండొచ్చు. గిరాకీ తగ్గడం, టెక్నాలజీ మారడం, మన ఎగుమతులు పడిపోవడం లాంటి వాటివల్ల జరిగిన దాన్ని దిగుమతుల ఖాతాలో రాయకూడదని నియమాల్లోనే ఉంది.

ఒక యూనిట్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి దాదాపు రెండు నెలలు ఉత్పత్తి ఆగింది. "అది రాయొద్దు సార్, మన కేసు బలహీనమవుతాది" అన్నారు యజమాని. నేను ఒప్పుకోలేదు. ఆ నెలలు ఏవి, ఎన్ని టన్నులు తగ్గింది, ఎందుకు తగ్గింది, అన్నీ పట్టిక కింద రాశాను. పరిశీలనకు వచ్చిన అధికారి ఉత్పత్తి రిజిస్టర్ తెరిచి మొదట వేలు పెట్టింది ఆ రెండు నెలల మీదే. ముందే రాసి ఉండబట్టి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. దాచి ఉంటే మిగతా అంకెలన్నిటినీ అనుమానంగా చూసేవాళ్లు.

అపోహ: ఇచ్చిన డేటా పోటీ కంపెనీ చేతికి పోతుంది.

నేను అందరికన్నా ఎక్కువగా వినే భయం ఇదే. మన తయారీ ఖర్చు పక్కవాడికి తెలిస్తే వ్యాపారం మూసుకోవాల్సిందే, అందుకే ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే 1995 నియమాల్లో 7వ నియమం ఉన్నది ఇందుకే. రహస్యంగా ఉంచాలని మనం కోరి, ఆ కోరిక సమంజసమని అధికారి ఒప్పుకుంటే, మన అనుమతి లేకుండా ఆ సమాచారం ఇంకెవరికీ ఇవ్వకూడదు.

అందుకే డీజీటీఆర్ ప్రశ్నావళికి ఇచ్చే ప్రతి జవాబూ రెండు ప్రతులుగా పోతుంది. రహస్య ప్రతిలో అసలు అంకెలుంటాయి. మిగతా పక్షాలు చూసే ప్రతిలో పోకడ మాత్రమే కనిపిస్తుంది. ఉదాహరణకు ఒక కంపెనీ అమ్మకాలు మొదటి ఏడు 12,000 టన్నులు, తర్వాత 12,600, ఆ తర్వాత 10,800, దర్యాప్తు కాలంలో, అంటే డంపింగ్ జరిగిందా అని చూసే తాజా ఏడాదిలో, 9,360 అనుకుందాం. బయటి ప్రతిలో 100, 105, 90, 78 అని వేస్తాం. ఎంత శాతం పడిపోయిందో ఎదుటి లాయర్‌కు తెలుస్తుంది, వాదించుకోవచ్చు. అసలు టన్నులెన్నో తెలియదు. డీజీటీఆర్ తుది నివేదికలు తెరిచి చూడండి. కంపెనీల సొంత అంకెలు ఉండాల్సిన గడుల్లో నక్షత్రపు గుర్తులుంటాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ప్రతి పేజీ మీదా "రహస్యం" అని ముద్ర కొట్టి, బయటి ప్రతిలో ఖాళీ కాగితాలు పెడితే ఒప్పుకోరు. రహస్యం అనడానికి కారణం చూపించలేక, సారాంశమూ ఇవ్వకపోతే ఆ సమాచారాన్ని పక్కన పెట్టేయొచ్చు. భయంతో అంతా మూసిపెట్టుకుంటే మన సాక్ష్యాన్ని మనమే చెరిపేసుకున్నట్టు.

అపోహ: ఆడిటర్ సంతకం చేసిన లెక్కలున్నాయి, అవే పంపిద్దాం.

బ్యాలెన్స్ షీట్ కంపెనీ మొత్తానిది. దర్యాప్తు ఒక్క సరుకు మీద. పైగా దర్యాప్తు కాలం సాధారణంగా 12 నెలలు, దానికి ముందు మూడేళ్లు కలిపి అడుగుతారు. ఆ 12 నెలలు మన ఆర్థిక సంవత్సరంతో కలవాలని లేదు. జులై నుంచి జూన్ కావొచ్చు, అక్టోబర్ నుంచి సెప్టెంబర్ కావొచ్చు. నెలవారీ లెక్కలు లేని ఫ్యాక్టరీ అక్కడే ఇరుక్కుపోతుంది.

కర్నూలు వాళ్లకు తెలిసిన కాస్టిక్ సోడానే తీసుకోండి. ఈ సరుకు మీద మన దేశంలో యాంటీ డంపింగ్ కేసులు చాలానే నడిచాయి. ఉప్పునీటిలో కరెంటు పంపితే ఒక టన్ను కాస్టిక్‌తో పాటు సుమారు 880 కిలోల క్లోరిన్, 25 కిలోల హైడ్రోజన్ వస్తాయి. ఒకటి వద్దనుకుని ఇంకొకటి తయారుచేయడం కుదరదు. మరి ఆ కరెంటు బిల్లులో కాస్టిక్ వాటా ఎంత, క్లోరిన్ వాటా ఎంత? క్లోరిన్ కొనేవాళ్లు లేనప్పుడు రవాణా ఖర్చు మనమే పెట్టుకుని వదిలించుకునే రోజులుంటాయి. ఆ ఖర్చు ఎక్కడ రాయాలి? కాస్టిక్ ట్యాంకర్‌లో ద్రావణంగా పోతుంది, కానీ పట్టికలో టన్నులు పొడి బరువు మీద వేయాలి. ఒక షీట్‌లో ద్రావణం బరువు, ఇంకో షీట్‌లో పొడి బరువు పడితే టన్ను ధర సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇలాంటి తప్పును పట్టుకోవడానికి నేనొకసారి ఒక రాత్రంతా కూర్చున్నాను. ఖర్చు ఏ పద్ధతిలో పంచామో నాలుగేళ్లూ అదే పద్ధతి పాటించి, దాన్ని రాతలో పెట్టాలి.

అపోహ: మనం ఫిర్యాదు చేయలేదు, ప్రశ్నావళి మనకెందుకు?

ఆ సరుకు కొనేవాళ్లకు, దిగుమతి చేసుకునేవాళ్లకు కూడా ప్రశ్నావళి ఉంటుంది. జవాబుకు 30 రోజులు గడువు, తగిన కారణం చూపితే పొడిగిస్తారు. జవాబివ్వకపోతే దర్యాప్తు ఆగదు, చేతిలో ఉన్న సమాచారంతోనే తేల్చేస్తారు. ఆ సమాచారం ఎదుటి పక్షం ఇచ్చిందే కావొచ్చు.

2003లో చైనా ముడి పట్టు మీద సుంకం పడినప్పటి సంగతి ధర్మవరం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కేసులో దేశీయ పరిశ్రమ అంటే పట్టుగూళ్ల నుంచి ముడి పట్టు తీసే రీలర్లు. మగ్గం మీద చీర నేసేవాళ్లు దాని వినియోగదారులు. ఒకరికి రక్షణ అయిన సుంకం ఇంకొకరికి ముడిసరుకు ధర. హిందూపురంలో పట్టుగూళ్లు కొనే రీలర్లు, ధర్మవరంలో చీర అమ్మేవాళ్లు ఇద్దరూ తమ లెక్క చెప్తేనే దర్యాప్తుకు మొత్తం బొమ్మ కనిపిస్తుంది. మన జిల్లాల్లో చిన్న కొనుగోలుదారులు ఇలాంటి వాటికి దాదాపు జవాబివ్వరు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

అపోహ: మా ఖర్చు ఎంతైతే అంత ధర వచ్చేలా సుంకం వేస్తారు.

డంపింగ్ తేడా (వాళ్ల దేశపు ధరకు, మనకు పంపిన ధరకు మధ్య తేడా), హాని తేడా (మన సరుకుకు రావాల్సిన న్యాయమైన ధరకు, దిగుమతి సరుకు ఇక్కడికి చేరే ధరకు మధ్య తేడా) రెండూ లెక్కగట్టి ఏది తక్కువైతే అంత వేయడం మన దేశంలో పద్ధతి. ఆ న్యాయమైన ధరను వాళ్లే లెక్కగడతారు. అందులో మన అసలు ఖర్చును ఉన్నదున్నట్టు తీసుకోరు. ముడిసరుకు, కరెంటు, సామర్థ్యం, వీటిని దర్యాప్తు కాలం, దానికి ముందు మూడేళ్లు కలిపి ఆ నాలుగు కాలాల్లో ఎప్పుడు బాగా వాడుకున్నామో ఆ స్థాయిని లెక్కలోకి తీసుకుంటారు. దాని మీద పెట్టుబడికి రాబడి కలుపుతారు, మామూలుగా 22 శాతం. మన దుబారాకు దిగుమతిదారు డబ్బు కట్టడు.

అపోహ: పరిశీలనకు వస్తే దాడి చేసినట్టే.

కాదు. ముందే చెప్పి వస్తారు, లేదా కాగితాలు పంపమంటారు. బీరువాలు వెతకరు. మనం పంపిన పట్టికలో ఒక అంకె ఎంచుకుని అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించమంటారు. నెల మొత్తం నుంచి అమ్మకాల రిజిస్టర్‌కు, అక్కడి నుంచి ఇన్వాయిస్‌కు, దాని నుంచి కాటా చీటీకి, లారీ నంబరుకు, చివరికి బ్యాంకులో పడిన సొమ్ముకు వెళ్తారు. ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు.

తాడిపత్రి ఆయన వెళ్లేముందు, తమ ఫ్యాక్టరీలో కాటా చీటీలు ఆరు నెలలకొకసారి చించేస్తామని చెప్పారు. ఇకనుంచి నెలకో కవర్లో పెట్టి దాచమన్నాను. సరేనన్నారు.