హెచ్ఐవీ మెదడును దెబ్బతీస్తుందా? మా ఓపీలో వినిపించే అపోహలు

గుంటూరులో హెచ్ఐవీ పేషెంట్లను చూసే డాక్టర్‌ని. మతిమరుపు గురించి ఓపీలో అడిగేవాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వైరస్ రక్తంలోనే ఉంటుంది, మెదడు జోలికి పోదు.

పోతుంది, అదీ సోకిన కొద్ది వారాల్లోనే. వైరస్ ఉన్న తెల్లరక్తకణాలు మెదడులోకి వెళ్తూ దాన్ని కూడా మోసుకెళ్తాయి. అక్కడ అది మైక్రోగ్లియా అనే కాపలా కణాల్లో తిష్ట వేస్తుంది, అవి వదిలే రసాయనాలూ వైరస్ ప్రొటీన్లూ కలిసి పక్కనున్న నాడీకణాలను పాడు చేస్తాయి. అందరికీ డిమెన్షియా, అంటే ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు, వస్తుందని కాదు. మందులు మొదలుపెట్టకుండా ఏళ్లు గడిచి, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయిన వాళ్లకే ముప్పు ఎక్కువ.

అపోహ: డిమెన్షియా అంటే మనుషుల్నీ పేర్లనీ మర్చిపోవడమే.

మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసే ఒకాయన్ని భార్య తీసుకొచ్చింది. "ఏదీ మర్చిపోవట్లేదు డాక్టరుగారూ, బద్ధకం పెరిగింది, పిలిస్తే పలకడు, చొక్కా గుండీలు పెట్టుకోడానికి పావుగంట" అంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా కొట్టమన్నాను. ఐదు సెకన్లలో కనీసం 15 రావాలి, ఆయనకి ఏడే వచ్చాయి. ఈ జబ్బు మొదట ఇలాగే ఉంటుంది: ఆలోచన, నడక, చేతిపని నెమ్మదిస్తాయి, ధ్యాస నిలవదు, దేనిమీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనో, తాగుడు అలవాటనో అనుకుని ఆయన్ని తిడుతుంటే నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: హెచ్ఐవీ ఉన్నవాళ్లకి మతి తప్పితే ఇక అంతే.

ఇది నమ్మే చాలామంది ఆలస్యం చేస్తారు. తలనొప్పి, జ్వరం, వాంతులు, ఫిట్స్ ఉంటే టీబీ మెనింజైటిస్, క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా లాంటి మెదడు ఇన్ఫెక్షన్లు కావచ్చు, వాటికి మందులున్నాయి, కానీ ఆ రోజే ఆసుపత్రికి రావాలి. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపిస్తాయి. అసలు డిమెన్షియాకైనా ఏఆర్‌టీయే (హెచ్ఐవీని అణిచే మందులే) వైద్యం, 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం, 2017 నుంచి సీడీ4 ఎంతున్నా మొదలుపెడుతున్నారు. మందులు సొంతంగా మాత్రం ఆపకండి.

ఆ టిక్కీల లెక్క ఆయన ఆరునెలల తర్వాత వచ్చి పదమూడు కొట్టారు. మళ్లీ పనిలోకి వెళ్తున్నారు, లెక్క రెండోసారి సరిచూసుకోవాల్సి వస్తోందని చెప్పారు.