థర్మోస్టాట్ పీకేస్తే కాంటెస్సా బాగుపడదు: ఎనభైల పెట్రోల్ ఇంజిన్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ, తీసి పారేయండి."

వాస్తవం: ఇసుజు 1817 సీసీ ఇంజిన్ ఉన్న కాంటెస్సా అయినా, నిస్సాన్ ఏ12 ఉన్న ప్రీమియర్ 118 ఎన్ఈ అయినా, థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వేడి వాల్వు) ఉండే హౌసింగ్ విప్పితే చాలా బండ్లలో లోపల ఖాళీయే. ఈ సలహా ఎవరు మొదలెట్టారో గానీ, దీని వల్ల తగలబడిన డబ్బు అంతా ఇంతా కాదు.

థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల దాకా రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక చల్లబరిచే పని రేడియేటర్‌దే. థర్మోస్టాట్‌ని తీసేస్తే టెంపరేచర్ మీటరు ముల్లు కిందికి దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. రేడియేటర్‌లో పూడిన ట్యూబులు మాత్రం పూడినట్టే ఉంటాయి. మే నెలలో హైవే ఎక్కాక ఆ సంగతి తెలుస్తుంది. (నీళ్లు వేగంగా తిరిగితే చల్లబడే టైముండదన్న వాదనా తప్పే.) అసలు నష్టం వేరు. వేడెక్కని ఇంజిన్లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగుతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరుగుతాయి. ఆయిల్ మూత కింద తేమ చేరి తెల్లగా మీగడ కడుతుంది. అది చూసి "హెడ్ గాస్కెట్ పోయింది" అని (ఇంజిన్ బ్లాకుకీ, దాని పై భాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు అది) హెడ్ దించేస్తారు.

మీగడ చూసి కంగారు పడకండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి రేస్ ఇవ్వండి. మొదట వచ్చే నాలుగు బుడగలు లెక్కలోకి రావు. ఆగకుండా వస్తున్నా, కూలెంట్ రోజూ తగ్గుతున్నా, కంప్రెషన్ టెస్టులో (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ ఒత్తిడి పడిపోయినా గాస్కెట్‌ని అనుమానించాలి. హెడ్ దించాల్సే వస్తే స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి. వంపు 0.1 మి.మీ. దాటకపోతే ఫేసింగ్ (మెషీన్ మీద చదును చేయించడం) అక్కర్లేదు.

హీటింగ్ ఉంటే ముందు రేడియేటర్ క్యాప్ చూడాలి. అది 0.9 బార్ పట్టి ఉంచితే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. తర్వాత ఫ్యాన్ బెల్టు, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్, రేడియేటర్ ట్యూబులు, వాటర్ పంపు. థర్మోస్టాట్ మీద అనుమానముంటే దారం కట్టి, గిన్నె అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీసి కాయండి. ఏ12 ది 95 డిగ్రీలకల్లా 8 మి.మీ. తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది వేయండి, అంతే. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. రెండు ఇంజిన్లవీ అల్యూమినియం హెడ్లే, వాటిని ఆ నీళ్లు తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్, చిక్కటి (కాన్సన్‌ట్రేట్) కూలెంట్ సగం సగం కలపండి.

"టైమింగ్ బెల్టు మార్చాలి" అన్నారా? ఇసుజు, ఏ12 రెండింటిలోనూ ఉన్నది చైను.

"సీసం లేని పెట్రోలు వాల్వు సీట్లని (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) తినేస్తుంది" అంటారు: అల్యూమినియం హెడ్లలో సీట్లు విడిగా దిగ్గొట్టిన గట్టి రింగులు కాబట్టి భయం లేదు. 1984 నాటి తొలి కాంటెస్సాలోని 1489 సీసీ ఇంజిన్‌కి సీట్లు పోత ఇనుప హెడ్‌లోనే కోసి ఉంటాయి. దానిలో వాల్వు గ్యాప్ పదే పదే తగ్గిపోతుంటే గట్టి సీట్లు వేయించండి. పెట్రోల్లో కలిపే సీసా మందులకు డబ్బు పెట్టకండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) తో ముందు దెబ్బతినేది పాత రబ్బరు: పెట్రోలు పైపులు, మెకానికల్ పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర). డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా సంపులో పడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే బండి తిప్పకండి. ఇథనాల్‌కి తట్టుకునే డయాఫ్రమ్ వేయించి, ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయండి.